వరస మార్చి అడిగితే

మా అమ్మాయికి సరిగా వినపడటం లేదన్న సంగతి డే కేర్ వాళ్లకి తెలియకుండా దాచిపెట్టినవాణ్ని నేనే. కావాలని కాదు, అప్పటికి ఆ సంగతి నాకూ తెలియదు. కానీ తెలిసి దాచినా అంత పకడ్బందీగా దాచి ఉండేవాణ్ని కాదు.

ఎనభైల మధ్యలో మేం అమెరికాలో, పిస్కాటవే అనే ఊళ్లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. నేను మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ఇంజనీరుని. మా ఆవిడ లైబ్రరీలో పనిచేసేది. అమ్మాయికి మూడేళ్ల నాలుగు నెలలు. డే కేర్‌లో ఆ వయసు పిల్లలకి ఏడాదికోసారి చిన్న పరీక్షలాంటిది పెట్టేవారు. ఒంటికాలి మీద గెంతుతారా, గుండ్రం చూసి గుండ్రం గీస్తారా, చెప్పిన పని చేస్తారా అని చూస్తారు. ఎవరైనా ఎక్కడైనా వెనకబడుతుంటే ముందే పట్టుకోవడానికి. దానికి రెండు వారాల ముందు టీచర్ ఒక కాగితం ఇంటికి పంపారు. ‘మీ పాప ఇంట్లో వీటిలో ఏవేవి చేస్తోందో గమనించి టిక్ పెట్టండి’ అని పైన రాసి ఉంది. కింద ఇరవై రెండు అంశాలు.

ఎంట్రన్స్ పరీక్షలు రాసి రాసి ఇంజనీరైనవాడికి రెండు వారాల ముందే ప్రశ్నపత్రం దొరికితే ఏం చేస్తాడు? గ్రాఫ్ కాగితం మీద టైమ్‌టేబుల్ వేశాను. అడ్డంగా రోజులు, నిలువుగా అంశాలు. వచ్చినవాటికి పచ్చ పెన్సిల్, రానివాటికి ఎర్ర పెన్సిల్. రోజూ సాయంత్రం ఆరున్నర నుంచి ఏడు దాకా కోచింగ్.

“ఏమండీ, దానికి మూడేళ్లండీ!” అంది మా ఆవిడ.

“అందుకే అరగంటే పెట్టాను.”

“గమనించమన్నారు. బట్టీ పట్టించమనలేదు.”

అన్నిటికంటే కష్టపెట్టింది పద్దెనిమిదో అంశం. చెక్క దిమ్మని టేబుల్ మీద పెట్టు, కుర్చీ కింద పెట్టు, నా ముందు పెట్టు, నా వెనక పెట్టు. నోటితో చెప్పాలి, చేత్తో చూపించకూడదు. మొదటి మూడు రోజులూ ఒక్కటీ చేయలేదు. దిమ్మ పట్టుకుని నా మొహంలోకి చూసేది. చూపించకూడదన్నది పరీక్షలో కదా, కోచింగ్‌లో తప్పేముందని చూపించాను. మీద, కింద, ముందు, వెనక. వారం తిరిగేసరికి నేను నోరు తెరవగానే నాలుగూ వరసగా పూర్తిచేసి, తనే చప్పట్లు కొట్టుకునేది. గడి పచ్చగా నింపాను.

పక్కింటి తెలుగావిడ అది చూసి ముచ్చటపడింది. “అన్నయ్యగారూ, మావాడికి వచ్చే నెలండీ. ఆ పేపర్ ఒక జిరాక్స్ తీసి పెట్టరూ!” తీసి పెట్టాను.

పరీక్షలో అమ్మాయి ఇరవై రెండూ చేసింది. ఆ సాయంత్రం ఇంట్లో సేమ్యా పాయసం.

తర్వాతి వారం టీచర్ మా ఇద్దరినీ రమ్మన్నారు. యాభై దాటిన మనిషి. పిల్లలు ఆడుకుంటుంటే ఒక మూల పిల్లల కుర్చీలోనే కూర్చుని, చూసింది చూసినట్టు నోట్‌బుక్‌లో రాయడం ఆవిడ అలవాటు. మాకూ ఆ బుల్లి కుర్చీలే వేసి, చదివి వినిపించారు.

“మంగళవారం. రంగులు వేస్తోంది. వెనక నుంచి రెండుసార్లు పిలిచాను, తిరగలేదు. భుజం తాకితే నవ్వింది. బుధవారం. అందరినీ బయటికి పదండన్నాను. మిగతావాళ్లు లేవడం చూసి లేచింది. గురువారం. కథ చెబుతున్నంతసేపూ నా చేతిలో బొమ్మల పుస్తకం వైపు కాదు, నా పెదాల వైపు చూసింది.”

“మరి పరీక్షలో అన్నీ చేసింది కదండీ?” అన్నాను.

“చేసింది. అదే నాకు అంతుపట్టలేదు. అందుకని నిన్న వరస మార్చి అడిగాను. ముందుగా ‘నా వెనక పెట్టు’ అన్నాను. తీసుకెళ్లి టేబుల్ మీద పెట్టింది. నేను ఇంకో మాట అనకముందే కుర్చీ కింద, నా ముందు, నా వెనక పెట్టేసి చప్పట్లు కొట్టింది.” ఆవిడ నోట్‌బుక్ మూశారు. “ఇంట్లో ఎవరో చాలా శ్రద్ధగా నేర్పించారు.”

మా ఆవిడ నా వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం ఆమెకి కనిపించినట్టు లేదు.

ఫ్యాక్టరీలో నా పనే శాంపిల్ తీయడం. ఏ సీసా తీస్తామో లైన్ మీద వాళ్లకి ముందు చెప్పకూడదు. చెబితే ఆ ఒక్క సీసాయే బాగుంటుంది. కొత్తగా చేరినవాళ్లకి ఈ సూత్రం నేర్పేది నేనే.

“నేనే నేర్పించాను,” అన్నాను.

టీచర్ గట్టిగా నవ్వేశారు. “వినపడకుండానే ఇంత నేర్చుకుందంటే బుర్రకి ఢోకా లేదు. ఇక చెవులు చూపించండి.”

ఇంటికి డ్రైవ్ చేస్తూ ఒక్కొక్కటే గుర్తుచేసుకున్నాం. టీవీకి ముక్కు ఆనించి చూస్తే కార్టూన్ల పిచ్చి అనుకున్నాం. ప్రతి మాటకీ ‘ఆఁ?’ అంటే పరధ్యానం అనుకున్నాం. పిలిస్తే పలక్కపోతే మొండితనం అనుకున్నాం. ఆ మొండితనం ఎవరి వైపు నుంచి వచ్చిందన్న దాని మీద మాత్రం మాకు ఏకాభిప్రాయం లేదు.

“ఇక ఎప్పటికీ ఇంతేనంటారా?” అంది మా ఆవిడ. డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరకడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ అమ్మాయి వెనక నిలబడి చప్పట్లు కొట్టడం, గిన్నెలు మోగించడం తప్ప ఇంట్లో వేరే పని జరగలేదు. మధ్యలో పక్కింటికి వెళ్లి జిరాక్స్ వెనక్కి ఇమ్మన్నాను. “అయ్యో, మావాడు పన్నెండో నంబర్ దాకా వచ్చేశాడండీ!” అందావిడ.

చలికాలమంతా పట్టిన జలుబుల వల్ల రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక నీరు చేరిందన్నారు డాక్టర్. “మీరు మాట్లాడుతుంటే ఈత కొలనులో మునిగి విన్నట్టు ఉంటుంది. బాగుచేయొచ్చు.” మందులు వాడినా, కొన్ని వారాలు ఆగినా నీరు తగ్గలేదు. చివరికి మత్తిచ్చి, ఆ నీరు బయటికి పోయేలా చెవుల్లో సన్నటి గొట్టాలు పెట్టారు. పొద్దున తీసుకెళ్తే మధ్యాహ్నానికి పంపించేశారు.

తిరిగొస్తూ లెఫ్ట్ తీసుకోవడానికి సిగ్నల్ వేసి ఆగాను. వెనక సీట్లో తల్లికి ఆనుకుని పడుకున్న అమ్మాయి లేచి కూర్చుంది.

“నాన్నా, వాట్ ఈజ్ దట్?”

“ఏదమ్మా?”

“టిక్ టిక్ టిక్.”

ఆ కారు కొని రెండేళ్లయింది. “అది కారు చప్పుడు తల్లీ. ఎప్పుడూ ఉంటుంది.”

“నో. ఇవాళే వచ్చింది.”

మలుపు తిరగగానే ఆ చప్పుడు దానంతటదే ఆగిపోయింది. మళ్లీ వేశాను. తిన్నటి రోడ్డు మీద లెఫ్ట్ సిగ్నల్ టిక్కుటిక్కుమంటుండగా నెమ్మదిగా పోతుంటే, వెనక కారువాడు విసిగిపోయి హారన్ కొట్టాడు. అమ్మాయి ఉలిక్కిపడి, రెండు చెవులూ మూసుకుని, “టూ లౌడ్!” అని అరిచింది.

“ఏమండీ,” అంది మా ఆవిడ, “ఇంకా నెమ్మదిగా పోనివ్వండి. ఇంకోసారి కొడతాడు.”