నేను ఒక పాయింటుగా ఉన్న రోజులు

ఆ రోజు మదనపల్లె టమోటా యార్డులో నా చెప్పు జారిపోయింది. నాకు తెలియలేదు. నేను అక్కడ ఒక మండీలో బిల్లులు రాస్తాను. క్రేట్ల మధ్య నడుస్తుంటే వెనకనుంచి ఒక రైతమ్మ కేకేసింది. "అమ్మా, నీ చెప్పు ఈడ పడుండాది సూడు." వంగి చూసుకుంటే ఒక కాలికి చెప్పు లేదు. పొద్దున్నుంచీ నడుము చుట్టూ తాడుతో బిగించినట్టుంటే గ్యాస్ అనుకున్నాను. మన దగ్గర ఏ నొప్పయినా ముందు గ్యాసే కదా. సాయంత్రానికి రెండు కాళ్ళూ మొద్దుబారాయి, మూత్రం ఆగిపోయింది.

మా అమ్మ సువార్తమ్మ ఆ ఊళ్ళోనే మిషన్ ఆస్పత్రిలో ఆయా. ఇల్లు పుంగనూరులో. రోజూ బస్సులో వచ్చి పోతుంది. ఆ రాత్రి మాత్రం అదే ఆస్పత్రిలో నా మంచం పక్కనే నేలమీద కూర్చుంది. క్యాథెటర్ వేశారు, ఎమ్మారై తీశారు. డాక్టరమ్మ ఫిల్మ్ చూపించి, "ట్రాన్స్‌వర్స్ మైలైటిస్. స్పైనల్ కార్డ్‌లో వాపు. నువ్వు చేసిన తప్పేమీ లేదు" అన్నారు. స్టెరాయిడ్ డ్రిప్ పెట్టారు. నడుస్తానా అని అడిగాను. "కొందరు నడుస్తారు, కొందరు నడవరు, కొందరు మధ్యలో ఆగిపోతారు. నువ్వు ఎవరివో ఇప్పుడే చెప్పలేను గ్రేసీ" అన్నారు. అబద్ధం చెప్పనందుకు ఆమె మీద అప్పుడు కోపం వచ్చింది, ఇప్పుడు గౌరవం ఉంది.

డిశ్చార్జ్ చేసేటప్పుడు వీల్‌చెయిర్ తీసుకోమన్నారు. అమ్మ ఒప్పుకోలేదు. ఆస్పత్రిలో అందరి కుర్చీలూ కడిగే మనిషి, మా గడప దగ్గర మాత్రం అడ్డం నిలబడింది. "కుర్చీలో కూసుంటే కాళ్ళు పని మర్సిపోతాయి. దేవుడు లేపేదాకా పండుకోనుండు" అంది. పడుకున్నాను. నెలలు పడుకున్నాను. ఒకరోజు పక్కబట్ట మీద మరక కనిపించింది. అమ్మ నన్ను తిప్పి చూస్తే నడుము కింద ఎముక దగ్గర పెద్ద పుండు. స్పర్శ లేదు కాబట్టి నొప్పి తెలియలేదు. మళ్ళీ ఆస్పత్రి, మళ్ళీ డ్రెస్సింగులు. "బెడ్‌సోర్. ఇంకా లోతుకు పోయుంటే ప్రాణానికే వచ్చేది" అన్నారు డాక్టరమ్మ.  మరుసటి వారం అమ్మే కుర్చీ తోసుకొచ్చింది.

పుండు మానాక ఫిజియో కోసం కుప్పం పంపారు. అక్కడ ఆస్పత్రి వెనక ఒక సిమెంటు కోర్టు ఉంది. కుర్చీల్లో ఆడవాళ్ళు బాస్కెట్‌బాల్ ఆడుతున్నారు, బాల్ కోసం గుద్దుకుంటున్నారు. వాళ్ళ కోచ్ మునెప్ప సార్ కూడా కుర్చీలోనే ఉంటాడు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే దగ్గరికొచ్చాడు.

"ఈ ఆట పుట్టిందే ఆస్పత్రిలోనమ్మా. రెండో ప్రపంచ యుద్ధంలో నడుములు ఇరిగిన సిపాయిలు మొదలుబెట్టినారు, బరువు కుర్చీల్లోనే. తర్వాత ఊరూరా క్లబ్బులు లేసినాయి. ఊళ్ళూ ఊళ్ళూ కప్పు కోసం సరిహద్దులు దాటి ఆడుకోబట్టినారు."

"దేశాల మ్యాచులు కాదా సార్?"

"అవి వేరే. క్లబ్బులాటలో జెర్సీ మింద దేశం పేరుండదు, ఊరి పేరుంటాది. ఒక చర్చి, ఒక సంత, ఒక రైలు టేసను తప్ప ఏమీ లేని ఊర్లు కూడా ఆ పోటీల్లో ఆడినాయి. కుప్పానికి ఏం తక్కువ?"

ఆ మాట నన్ను పట్టుకుంది. ఫోన్లో ఆ క్లబ్బుల మ్యాచులు వెతికి చూసేదాన్ని. పాత వీడియోల్లో ఆస్పత్రి కుర్చీల్లాంటివి, కొత్తవాటిలో కిందికి విచ్చుకున్న చక్రాలు. నోరు తిరగని ఊళ్ళ పేర్లు జెర్సీల మీద. వాటి మధ్య మన పేరు చూడాలని తహతహ.

నేనూ జట్టులో చేరాను. ఈ ఆటలో ప్రతి మనిషికీ ఒంట్లో ఉన్న పట్టుని బట్టి పాయింట్లు ఇస్తారు. నడుము నిలవనివాళ్ళకి ఒకటి, దాదాపు నడిచేవాళ్ళకి నాలుగున్నర. కోర్టులో ఐదుగురివీ కలిపి పద్నాలుగు దాటకూడదు. అందుకే ఒక పాయింటు మనిషి ప్రతి జట్టుకీ కావాలి, దొరకడమే కష్టం. నాకు ఒకటి ఇచ్చారు. పదో తరగతిలో తక్కువ మార్కులకి చెవి మెలిపెట్టిన అమ్మకి ఇది ఎలా చెప్పాలో తెలియక నవ్వొచ్చింది. నేను బాల్ ముట్టేది తక్కువ. ఎదుటివాళ్ళ దారికి కుర్చీ అడ్డం పెట్టాలి, ఆ సందులోంచి మా లక్ష్మి దూసుకుపోయి బుట్టలో వేస్తుంది. "పుట్టినప్పటినించీ అన్నిటికీ అడ్డం పడే రకమే" అంది అమ్మ. కాళ్ళు పోయాక నేను ఎవరికైనా కావలసిన చోటు అదొక్కటే. అక్కడ నన్ను చూసి ఎవరూ అయ్యో అనలేదు, "గ్రేసీ, యాడుండావ్, రా" అని అరిచేవాళ్ళు.

తర్వాతి సంవత్సరం విదేశంలో జరిగే ఒక క్లబ్బుల పోటీకి మాకు పిలుపొచ్చింది. జెర్సీలు కుట్టించారు, వీపు మీద కుప్పం అని. నేను పాస్‌పోర్టు తీసుకున్నాను.

అప్పుడే కాలి బొటనవేలు కదిలింది. తర్వాత తొడ బిగిసింది, పొట్టలో పట్టు వచ్చింది. కుర్చీలో పక్కకి వాలి మళ్ళీ లేవగలిగాను. ఫిజియో చప్పట్లు కొట్టాడు. డాక్టరమ్మ, "లేటుగా వచ్చినా వచ్చిందే. ఎంజాయ్ చెయ్" అన్నారు. నాకూ సంతోషమే, కాదనను. వాకర్ పట్టుకుని నిలబడిన రోజు వెక్కి వెక్కి ఏడ్చాను.

పోటీకి ముందు పాయింట్ల కోసం మళ్ళీ పరీక్ష చేశారు. "కంగ్రాచులేషన్స్. రెండున్నర" అన్నాడు పరీక్షించినాయన. నేను మునెప్ప సార్ ముఖం చూశాను. ఆయన వేళ్ళమీద కూడుకుంటున్నాడు. నేను దిగితే పద్నాలుగు దాటుతుంది, లక్ష్మి బయట కూర్చోవాలి, లక్ష్మి లేకపోతే బుట్టలో వేసేవాళ్ళు లేరు. గుడుపల్లె నుంచి కొత్తగా వచ్చిన రెడ్డెమ్మకి ఒకటి ఉంది. ఆమెకి అడ్డం పెట్టడం నేర్పింది నేనే. "ఏం జేసేదమ్మా, లెక్క ఒప్పుకోలా" అన్నాడు సార్. నా జెర్సీ రెడ్డెమ్మకి సరిగ్గా సరిపోయింది.

ఆ వారమే అమ్మ పుంగనూరులో కృతజ్ఞతా కూడిక పెట్టింది. మొక్కుబడి మరి. బిరియాని వండించింది, వీధంతా వచ్చింది. పాస్టరయ్య నన్ను సాక్ష్యం చెప్పమన్నాడు. వాకర్ పట్టుకుని లేచాను. "దేవుడు నా కాళ్ళు తిరిగి ఇచ్చినాడు" అన్నాను. ఆ తర్వాత కన్నీళ్ళు ఆగలేదు. అందరూ హల్లెలూయా అన్నారు.

అందరూ వెళ్ళాక అమ్మ గిన్నెలు కడుగుతూ అడిగింది. "కాళ్ళు వస్తాండాయి గదా పాపా, యాల ఏడ్చినావు?"

"నా ఆట పోయిందమ్మా. ఒకటి ఉంటేనే నాకు చోటు. రెండున్నరకి లేదు."

అమ్మ చాలాసేపు గిన్నె తోమింది. తర్వాత మెల్లగా, "ఆ ఒకటి మళ్ళా రాదా?" అంది. అడిగాక, తనేం అడిగిందో తనకే తెలిసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మా జట్టువాళ్ళు పోటీకి వెళ్ళి అన్ని మ్యాచులూ ఓడిపోయి వచ్చారు. రెడ్డెమ్మ వీడియోలు పంపింది. ఒకదానిలో లౌడ్‌స్పీకర్లో ఎవరో "కుప్పం" అని తప్పుగా పలికారు. అది ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. ఇప్పుడు నేను చేతికర్రతో యార్డుకి పోతున్నాను, బిల్లులు రాస్తున్నాను. శనివారాలు బస్సెక్కి కుప్పం పోయి కొత్తవాళ్ళకి అడ్డం పెట్టడం నేర్పుతున్నాను. రెండున్నరకి సరిపోయే లెక్క కోసం సార్ ఇంకా వెతుకుతున్నాడు.

ఇది చదివేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. నడుము కింద స్పర్శ పోయిన మనిషిని మంచానికే వదిలేయకండి. డాక్టరు సరేనన్న రోజే కుర్చీలో కూర్చోబెట్టండి, పుండ్లు పడకుండా మధ్యమధ్యలో రెండు చేతుల మీద ఒళ్ళు పైకి లేపుకోమనండి. కుర్చీ ఎక్కితే కాళ్ళు రావని ఎవరైనా అంటే మా అమ్మని అడగమనండి. ఆమె ప్రతి శుక్రవారం సాయంత్రం నా కుర్చీ బయటికి తీసి, చక్రాలకి నూనె వేసి, గాలి చూసి పెడుతుంది. "యా రోజు పిలుస్తారో ఏమో" అంటుంది.