మా అక్క మోటారు లైసెన్సు

మా అక్క పోయిందన్న కబురు నాకు తొలి బస్సు డ్రైవరు తెచ్చినాడు. గిద్దలూరులో మా ఇంటి ముందర ఎన్నడూ ఆగని బస్సు ఆ పొద్దు ఆగింది. ఆయన దిగొచ్చి, తలకు చుట్టుకున్న తువ్వాల తీసి చేత పట్టుకొని, "పెద్దమ్మ తెల్లారుజామున పోయిందమ్మా" అన్నాడు. బస్సులో కూర్చున్నవాళ్ళు ఒక్కరు కూడా ఆలస్యమైతాందని అనలేదు. ఆమె ఎవరో వాళ్ళందరికీ తెలుసు.

ఆమె నా తోడబుట్టిన అక్క కాదు. తోడికోడలు. పుల్లలచెరువు అవతల, అడివి అంచున మా అత్తగారి ఊరు. ఆ ఇంటికి ఆమె పెద్దకోడలు, నేను చిన్నకోడలిని. నేను కాపురానికి పోయిన రోజే, "నన్ను అక్కా అని పిలువు. ఉన్న అత్త ఒకామె చాలు నీకు" అని చెవిలో చెప్పి నవ్వింది. అంతే, అప్పటినుంచి అక్కే.

ఆమెను గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే ఏడుపు రావడం లేదు. ఏంది ఇట్ల అని నాకే వింతగా ఉంది. కళ్ళు మూసుకుంటే కొంగు నడుముకు బిగించి, స్టీరింగు పట్టుకొని కూర్చున్న మనిషే కనపడుతుంది. ఆ మనిషిని తలుచుకుంటే ఛాతీ పొంగుతుంది గాని కన్నీళ్ళు రావు. అందుకే ఆ సంగతే మీకు చెప్తాను.

అవి యుద్ధం రోజులు. మద్రాసు గవర్నమెంటు కింద, కర్నూలు జిల్లాలో ఉండేవాళ్ళం. మా బావకు, అంటే అక్క భర్తకు, ఒక పాత మోటారు కారు ఉండేది. మా పక్క ఊళ్ళనుంచి మనుషులను ఎక్కించుకొని మార్కాపురం పోయొచ్చేవాడు. కళ్ళకు పొరలు కమ్మి ఆయనకు చూపు పోయినాక, కారు మా ఇంటాయన చేతికొచ్చింది. మోటారు తోలడం వచ్చినవాళ్ళను మిలిటరీలో చేర్చుకుంటున్నారని తెలిసి ఆయనా పోయి చేరినాడు. చుట్టుపక్కల డ్రైవర్లంతా అట్లనే పోయినారు. కారు పశువుల కొట్టంలో నిలబడిపోయింది.

ఆ ఏడే నా తొలి కాన్పు. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. ఎద్దుల బండిలో మార్కాపురం ఆసుపత్రికి బయలుదేరినాము. పగలంతా బండి నడుస్తానే ఉంది. అక్క నా తల ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. ఆసుపత్రి చేరేసరికి నేను మిగిలినాను, బిడ్డ మిగల్లేదు.

తిరిగి ఇంటికి రాగానే అక్క, కాళ్ళు కూడా కడుక్కోకుండా కొట్టంలోకి పోయింది. కారు మీద కప్పిన గోనెపట్టాలు లాగి అవతల పారేసింది.

"నాకు ఇది తోలేది నేర్పు" అనింది బావతో.

"కళ్ళు లేనోడు నేర్పేదేంది, ఆడమనిషి తోలేదేంది?"

"కళ్ళు నాకుండాయి. పని నీకు తెలుసు. చాలదా?"

బావ గోడ తడుముకుంటా వచ్చి, కారు తలుపు తీసి, "ఎక్కు" అన్నాడు.

పెట్రోలు అప్పట్లో కూపన్ల మీద ఇచ్చేవాళ్ళు. ఉన్న కాస్తా ఖర్చయితే మళ్ళీ కూపన్లు వచ్చేదాకా దొరికేది కాదు. బావ ఒక ఉపాయం చేసినాడు. జొన్న కోసిన చేలో కారుకు ముందర రెండెద్దులను కట్టించినాడు. నేను ఎద్దులను తోలుతుంటే అక్క కార్లో కూర్చొని స్టీరింగు తిప్పేది నేర్చుకుంది. మా మామ, అంటే మా ఇద్దరి భర్తల నాయన, గట్టున నిలబడి చూసి చూసి, "ఊరంతా నవ్వుతాంది. ఎద్దులు గూడా సిగ్గుపడతాండాయి" అని అరిచినాడు.

అక్క ఆయన ముందర తలెత్తి మాట్లాడిన మనిషి కాదు. ఆ పొద్దు మాత్రం స్టీరింగు వదలకుండానే, "అట్ల పక్కకు తొలగండి మామా, నాకింకా బ్రేకు సరిగ్గా రాదు" అనింది. ఆ పొద్దునుంచి మామ ఆమెతో మాట్లాడడం మానేసినాడు.

నాకు కాస్త చదువొచ్చు, అక్కకు అక్షరాలు రావు. రూల్సు పుస్తకం నేను చదివితే ఆమె వినేది. కుడివైపు తిరగాలంటే కుడిచెయ్యి బయటికి చాపాలని చదివిన మరుసటి రోజు, పొయ్యి దగ్గరినుంచి నీళ్ళ బాన దగ్గరికి పోతూ కూడా కుడిచెయ్యి చాపి తిరిగింది. సంతకం పెట్టేది నేర్చుకునేదానికి నెల పట్టింది. "బండి తిప్పేది నయం, ఈ అక్షరం తిప్పేది కష్టంగా ఉంది" అనేది.

ఈ లోపల మా ఇంటాయన సెలవు మీద వచ్చి పోయినాడు. నాకు మళ్ళీ నెల తప్పింది. ఆ మాట చెప్పినప్పుడు అక్క నా కడుపు మీద చెయ్యి పెట్టి, "ఈసారి ఎద్దుల బండి కట్టేది లేదు" అనింది.

మార్కాపురం బంగళాలో, మోటారు లైసెన్సులిచ్చే బ్రేక్ ఇన్‌స్పెక్టరు క్యాంపు పెడతాడని తెలిసింది. నేర్చుకునేవాళ్ళ పక్కన లైసెన్సున్న మనిషి ఉండాలి గనక బావ తన పాత లైసెన్సు జేబులో పెట్టుకొని ముందు సీట్లో కూర్చున్నాడు. ఆయనకు చూపు లేదని అందులో రాసిలేదు. పరీక్షకు ఆ సీట్లో ఇన్‌స్పెక్టరు కూర్చుంటాడు గనక, ఆడమనిషి ఒక్కతే పరాయి మగవాడితో కార్లో పోగూడదని వెనక సీట్లో నన్ను కూర్చోబెట్టినారు.

ఇన్‌స్పెక్టరు అక్కను చూసి, బావను చూసి, దరఖాస్తును చూసినాడు. "ఆడవాళ్ళకు ఇవ్వకూడదని రూలు లేదు. ఇచ్చినట్టు గుర్తూ లేదు. పదండి" అన్నాడు.

చదును రోడ్డు మీద బాగానే తోలింది. ఊరి బయట వాగు దిగి ఎక్కే చోట, సగం ఎత్తులో ఆపమన్నాడు. ఆపింది. మళ్ళీ పోనిమ్మన్నాడు. ఇంజను దగ్గి ఆగిపోయింది. కారు వెనక్కి జారి జారి వాగు ఇసకలో కూరుకుంది.

"రెండు నెలలకు మళ్ళీ క్యాంపు ఉంటుంది. అప్పుడు రామ్మా" అన్నాడాయన. మాటలో ఎగతాళి లేదు. అదే అక్కకు ఎక్కువ బాధగా ఉన్నట్టుంది. నాకప్పుడు ఆరో నెల.

మరుసటి రోజు పొద్దున్నే మా ఊరి వాగు ఎత్తు మీదికి కారు తీసుకుపోయినాము. ఉన్న పెట్రోలంతా అక్కడే కాల్చినాము. అక్క నాలుగుసార్లు జారింది. అయిదోసారి బావ ఆమె చేతిమీద చెయ్యి వేసి ఆపినాడు.

"దోవను చూడొద్దు. ఇను. క్లచ్చి వదిలేటప్పుడు ఇంజను గొంతు మారుతాది. బరువు ఎత్తుకునేటోడు గొంతు దించినట్టు దించుతాది. అప్పుడు బ్రేకు వదులు."

"ఏమీ ఇనపడలా."

"కళ్ళు మూసుకో. నాకెట్ల ఇనపడుతాందో నీకూ అట్లనే ఇనపడుతాది."

అక్క కళ్ళు మూసుకుంది. కారు ఒక్క జానెడు కూడా వెనక్కి జారకుండా ఎత్తెక్కింది. బావ కళ్ళు తుడుచుకున్నాడు.

రెండో పరీక్షకు బయలుదేరే పొద్దు మామ కొట్టంలోకి వచ్చినాడు. అక్కతో మాట్లాడకుండా నా చేతిలో రెండు నిమ్మకాయలు పెట్టి, "ముందర చక్రాల కింద పెట్టి తొక్కించండి. శుభం" అని పోయినాడు.

బంగళా దగ్గర నేను వంగలేక వంగి వాటిని చక్రాల కింద పెడుతుంటే ఇన్‌స్పెక్టరు చూసినాడు. ఒకటి ఉండనిచ్చి, రెండోది తీసి జేబులో వేసుకున్నాడు. ఎందుకో మాకు అర్థం కాలేదు. వాగు ఎత్తు మీద కారు ఆపించి దిగినాక తెలిసింది. ఆ నిమ్మకాయను వెనక చక్రానికి ఆనించి పెట్టినాడు.

"ఇది నలగకుండా ముందుకు పోవాల" అన్నాడు.

చేతులు రెండూ కడుపు మీద పెట్టుకున్నాను. అక్క వీపు మాత్రమే నాకు కనపడుతూ ఉంది. ఆ వీపు కదలలేదు. తల కాస్త పక్కకు వంచింది, ఎవరో మెల్లగా చెప్పేది వింటున్నట్టు. ఇంజను గొంతు దిగింది. నాకు గూడా వినపడింది. కారు ముందుకు పోయింది! నిదానంగా, నిండు కడవ ఎత్తుకొని నడిచే మనిషి మాదిరి, ఎత్తు పైకెక్కింది. అక్క రూలు ప్రకారం చెయ్యి ఎత్తి చూపి ఆపింది.

ఇన్‌స్పెక్టరు నడుచుకుంటా పైకొచ్చినాడు. నిమ్మకాయను రుమాలుతో తుడిచి అక్క చేతిలో పెట్టినాడు. "మగవాళ్ళు ముగ్గురు పొద్దున ఈ ఎత్తు దాటలేదమ్మా. వాళ్ళకు నిమ్మకాయ బదులు అగ్గిపెట్టె పెట్టినాను" అన్నాడు.

బంగళా మెట్ల మీద కూర్చున్న బావ, మేము అల్లంత దూరాన ఉండంగానే లేచి నిలబడినాడు. గేరు మార్చిన తీరు వినంగానే ఆయనకు తెలిసిపోయిందట. "ఇంగ నేను వెనక కూర్చుంటా" అన్నాడు. అక్క సంతకం పెట్టేదానికి ఎంతసేపు తీసుకుందో! ఒక్కొక్క అక్షరం రాస్తుంటే ఇన్‌స్పెక్టరు కలం అడగకుండా కాచుకున్నాడు.

ఊరి మొదట్లో మామ రోడ్డు పక్కన నిలబడి ఉన్నాడు. అక్క కారు ఆపింది. "ఆ పొద్దు తొలగమంటివి, తొలిగినాను. ఇప్పుడు ఎక్కొచ్చునా?" అన్నాడు. ఇంటిదాకా కూర్చొని, వీధిలో కనపడిన ప్రతి మనిషికీ చెయ్యి ఊపినాడు.

తర్వాత ముప్పై ఊళ్ళ ఆడవాళ్ళు ఆమె కార్లో ఆసుపత్రికి పోయినారు. "బండి ఎక్కినాక ఎవరి ముఖమూ చూడగూడదు, దోవ చూడాల" అనేది. ఎంత అరిచి ఏడ్చే మనిషిని ఎక్కించుకున్నా ఆమె తల వెనక్కి తిప్పింది నేను చూడలేదు.

అందరికంటే ముందు ఆ కార్లో పోయింది నేనే. మిట్టమధ్యాహ్నం నొప్పులు మొదలైనాయి. పొద్దు వాలకముందే మార్కాపురం ఆసుపత్రిలో ఉన్నాను. నా కొడుకు ఊరంతా వినపడేటట్టు ఏడ్చినాడు.

బిడ్డను పక్కన పడుకోబెట్టుకొని కిటికీలోంచి చూసినాను. బయట అక్క చెంబుతో నీళ్ళు పోసి చక్రాల దుమ్ము కడుగుతా ఉంది. రోగులతో వచ్చిన ఆడవాళ్ళు చుట్టూ మూగి చూస్తున్నారు. వాళ్ళలో ఒక ముసలామె తలుపులోంచి చెయ్యి పోనిచ్చి, స్టీరింగును మెల్లగా తాకి చూసింది. అక్క చెంబు కింద పెట్టింది. తలుపు తెరిచి, ఆమె భుజం పట్టి ఎక్కించి, తన సీట్లో కూర్చోబెట్టింది. ఆ ముసలామె రెండు చేతులతో స్టీరింగు పట్టుకొని, నిటారుగా కూర్చొని, గేటు అవతల రోడ్డును చూస్తా ఉంది.