మంచు కొండల్లో గంజి కోటు

మంచులో కూరుకుపోయిన వాళ్ళ కథలు మీరు వినే ఉంటారు. మంచులో అప్పడంలా బిగుసుకుపోయిన కుటుంబం కథ మాత్రం విని ఉండరు. అలాంటి కుటుంబం ప్రపంచం మొత్తంలో ఒక్కటే ఉంది. దాన్ని అలా బిగించిన ఘనత నాది.

నేను స్వతహాగా కంగారు మనిషిని. మా పాప జున్ను పుట్టాక ఆ కంగారుకి కాళ్ళు కూడా వచ్చాయి. చిలకలూరిపేట నుంచి పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చే వాడరేవు బీచికి కూడా బ్యాగుల మీద బ్యాగులు సర్దేదాన్ని. థర్మామీటరు, గొడుగు, మందులు, ఆ మందులు పడకపోతే వేయాల్సిన మందులు. ఒకసారి చీరాల దాటాక మా ఆయన కారు పక్కకి ఆపి, చాలా గంభీరంగా అడిగాడు:

"గ్యాస్ బండ మర్చిపోయినట్టున్నావ్. వెనక్కి తిప్పమంటావా?"

వెనక సీట్లో మా అత్తయ్య కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు నా గుండెలో గుచ్చుకుని అలాగే ఉండిపోయింది. అందుకే రెండేళ్ళ క్రితం మనాలి ప్రయాణం ఖాయం కాగానే శపథం చేశాను.

"ఈసారి ముగ్గురికీ కలిపి ఒకే చిన్న బ్యాగు. చూస్తూ ఉండండి!"

"ఒక్కటే?" అన్నాడు మా ఆయన, జ్వరం ఏమైనా ఉందేమోనన్నట్టు నా నుదురు చూస్తూ.

ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్న విద్య అది. ఆ వీడియోల్లో అమ్మాయిలు చేతిసంచీ అంత బ్యాగుతో మంచుకొండలెక్కి, పొడవాటి ఎర్రకోటు వేసుకుని పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతుంటారు. కోటు ఒక్కటి ఉంటే చాలట, లోపల ఏం వేసుకున్నా ఎవరికీ కనిపించదట. సరే, నాకూ ఎర్రకోటు కావాలి. జున్నుకీ కావాలి. మా ఆయనకి అక్కర్లేదన్నాడు గానీ ఫొటోలో రంగు కలవాలి కదా, ఆయనకీ కావాలి.

అయితే మా ఊళ్ళో ఉన్ని కోటు ఎక్కడ దొరుకుతుంది? మా ఊళ్ళో దొరికేదంతా పత్తి. మా ఆయన ఉద్యోగం స్పిన్నింగ్ మిల్లులో. నా పెళ్ళిచీర కూడా చీరాల నేతే. పత్తికి చేతకాని పని ఈ లోకంలో ఒకటుందని మాకెవరూ చెప్పలేదు. కాబట్టి చీరాల వెళ్ళి, మగ్గం మీద నేసిన గుడ్డల్లో అన్నిటికన్నా మందమైనది, పండు మిరపకాయ రంగుది, కొనుక్కొచ్చి మా టైలరు మస్తాన్ గారి ముందు పడేశాను. ఆయన జాకెట్లూ, స్కూలు యూనిఫారాలూ తప్ప ఇంకోటి కుట్టి ఎరగరు. ఆయన ధైర్యం మాత్రం మిలటరీ వాళ్ళకి బట్టలు కుట్టేవాడిది.

"రెండు పొరలేసి కుడతానమ్మా. ఇది వేసుకుంటే మంచుకే చలేస్తది," అన్నారు.

కోట్లు వచ్చాయి. బాగానే ఉన్నాయి గానీ, టైఫాయిడు వచ్చి లేచినట్టు నీరసంగా వేలాడుతున్నాయి. వీడియోల్లో కోట్లు ఠీవిగా నిలబడతాయి కదా. కాటన్ నిలబడాలంటే ఏం చేయాలో మా వైపు పుట్టిన ఏ ఆడపిల్లనైనా అడగండి. నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.

గంజి పెట్టాను.

అలా ఇలా కాదు. చిక్కటి గంజి, రెండు దఫాలుగా పెట్టి, ఎండబెట్టి, నీళ్ళు చిలకరించి ఇస్త్రీ చేస్తే, జున్ను కోటు నేల మీద పెట్టినా లోపల మనిషి లేకుండా దానంతటది నిలబడింది. అత్తయ్య వచ్చి కాలరు వేలితో మీటి చూశారు.

"గంజి బాగా పట్టిందమ్మాయ్."

పెళ్ళయినప్పటి నుంచి ఆవిడ నన్ను మెచ్చుకున్నది అదే మొదలు. ఆ ఆనందం పూర్తిగా అనుభవించనివ్వకుండా కొంగు చాటు నుంచి మూడు మంకీ క్యాపులు తీశారు. చలికాలం మా వీధిలోకి స్వెట్టర్లు అమ్మేవాళ్ళు వచ్చినప్పుడు కొన్నవి. రంగు, పాత బెల్లం.

"ఇవి కూడా పెట్టుకో. పాపకి స్వెట్టరూ, మేజోళ్ళూ కూడా తెచ్చాను."

"అత్తయ్యా, బ్యాగులో చోటు లేదు. అయినా అవి పెట్టుకుంటే ఫొటోలో మేము దొంగల్లా ఉంటాం."

"దొంగలకి జలుబు చేయదు. పోయినేడు పిల్లకి ఆయాసం వచ్చి ఆసుపత్రిలో ఆవిరి పట్టించిన సంగతి మర్చిపోయావా?"

మర్చిపోతానా! దాని డొక్కలు ఎగిరెగిరి పడుతుంటే నేను ఏ దేవుడికి ఏం మొక్కానో కూడా గుర్తు లేదు. కానీ గ్యాస్ బండ మాట కూడా గుర్తుందిగా. పౌరుషం గెలిచింది.

"జున్నుకి ఒక్క తుమ్ము వచ్చినా, ఇక జన్మలో మన ఇంట్లో బ్యాగు సర్దను. మీరే సర్దండి. సరేనా?"

అత్తయ్య క్యాపులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. గెలిచాననుకున్నాను. చూశారా, ఇక్కడే నాకు అనుమానం రావాలి. ఆవిడ ఎవరికీ ఏదీ అంత తేలిగ్గా వదిలేసే మనిషి కాదు.

బయల్దేరాం. చేతిలో ఒక్క బ్యాగు, జున్ను చంకలో దాని దిండు. అది లేకపోతే పిల్ల నిద్రపోదు కాబట్టి దిండుకి మాత్రం మినహాయింపు ఇచ్చాను.

"ఇదేం దిండే, పచ్చడి బండలా ఉంది!" అన్నాడు మా ఆయన విమానంలో దాని మీద తల ఆనించి.

"కొత్త పత్తేమో లెండి. ఇక్కడ కూడా మిల్లు గొడవేనా?"

మర్నాడు మనాలి పైన మంచు దగ్గరికి కారులో వెళ్ళాం. దారి పొడుగునా కోట్లూ బూట్లూ అద్దెకిచ్చే కొట్లు. ఎవరెవరో వేసుకుని విప్పినవి నా పిల్లకి తొడుగుతానా? దిగి దర్జాగా నడుస్తుంటే కొట్టువాడొకడు మా ఆయన కోటు పట్టుకుని చూసి అరిచాడు.

"మేడమ్, యే తో కాటన్ హై!"

"హా జీ! చీరాల కాటన్!" అన్నాను, వాడు మెచ్చుకుంటున్నాడనుకుని.

మొదట తీసిన ఫొటోలో మేము నిజంగానే బాగున్నాం. ఆ తర్వాత జున్ను మంచులో పడి దొర్లింది. దాన్ని లేపబోయి నేను పడ్డాను. నన్ను లేపబోయి ఆయన పడ్డాడు. కోట్లు మంచునీళ్ళు తాగాయి. మనం మామూలుగా గంజి నీళ్ళలో బట్ట ముంచుతాం కదా, ఇప్పుడు బట్టలోంచి గంజి బయటికి రావడం మొదలుపెట్టింది. మెడ దగ్గర జిగటగా, అన్నం వార్చిన గిన్నెలో తలపెట్టినట్టు. దాని వెనకే రంగు. మేము దొర్లిన చోటల్లా తెల్లటి మంచు ఎర్రబడింది.

"అయ్యో, రక్తం! ఎవరికమ్మా దెబ్బ?" పక్కనున్న తెలుగావిడ పరిగెత్తుకొచ్చింది.

"రక్తం కాదండీ, కోటు రంగు దిగుతోంది."

ఆవిడ వంగి, నా కోటు అంచు వేళ్ళ మధ్య రుద్ది, వాసన చూసింది.

"ఇదేంటి... గంజి పెట్టారా?"

అంతలో గాలి మొదలైంది. ఆ గాలికి తడి గంజి గడ్డకట్టింది. నా మోచేతులు వంగడం మానేశాయి. మా ఆయన మిరప చేలో దిష్టిబొమ్మలా చేతులు చాపి నిలబడి, కళ్ళతోనే నన్ను తిట్టాడు. జున్ను మాత్రం నీలం పెదాలతో వణుకుతోంది. దాన్ని చూడగానే నా స్టైలంతా చచ్చిపోయింది. నడవలేని మనుషులం ఎలా నడిచామో తెలియదు, కారులో పడ్డాం. కారులో అయితే పడ్డాం గానీ, జున్ను కోటు తలుపులో పట్టలేదు. పిల్లని అడ్డంగా తిప్పి ఎక్కించాల్సి వచ్చింది.

సరిగ్గా అప్పుడే అత్తయ్య వీడియో కాల్.

"ఎత్తకండి!" అన్నాను. జున్ను అప్పటికే ముక్కుతో నొక్కేసింది.

"నానమ్మా, నా చేతులు కిందికి రావట్లేదు!" అని చెప్పి, ఆ వెంటనే "హాచ్!"

చిలకలూరిపేట నుంచి మనాలి దాకా నిశ్శబ్దం.

"అమ్మాయ్," అన్నారు అత్తయ్య చివరికి, "దిండు ఉందా?"

"ఉందత్తయ్యా," అన్నాను ఏడుపు గొంతుతో.

"కుట్టు విప్పు."

పళ్ళతో లాగి విప్పాను. పైపైన గుప్పెడు పత్తి. దాని కింద జున్ను స్వెట్టరు, మేజోళ్ళు, మూడు బెల్లం రంగు మంకీ క్యాపులు, గుడ్డలో కట్టిన వాము మూట. మా ఆయన పచ్చడి బండ అన్నది వీటినే. నా కోటూ దాని కోటూ విప్పి, పిల్లని తుడిచి, అన్నీ తొడిగి ఒళ్ళో పడుకోబెట్టుకుని, దాని ఊపిరి వింటూ కూర్చున్నాను. ఈల లేదు. డొక్కలు ఎగరలేదు. కాసేపటికి పెదాలు మళ్ళీ గులాబీ రంగుకొచ్చి, "బజ్జీలు కొంటావా?" అని అడిగింది. అప్పుడు ఏడ్చాను, గట్టిగా.

ఆ ప్రయాణం మొత్తంలో మిగిలిన ఫొటో ఒక్కటే. మంకీ క్యాపుల్లో ముగ్గురం, ముక్కులు ఎర్రగా, బజ్జీలు తింటూ. అత్తయ్య దాన్ని తన వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి, మా బంధువర్గం మొత్తం చూసేదాకా రోజూ మళ్ళీ మళ్ళీ పెట్టారు.

అందుచేత, ఇంటిల్లిపాది సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: మంచు తగిలే బట్టకి గంజి పెట్టను, మస్తాన్ గారితో కోటు అనే మాట ఎత్తను, ఈ జన్మకి బ్యాగు సర్దను. ఆ శాఖ ఇప్పుడు పూర్తిగా అత్తయ్యది. రేపు ఆదివారం వాడరేవు వెళుతున్నాం. రోళ్ళు పగిలే మే నెల ఎండ. ఇందాకే జున్ను దిండు ఎత్తి చూశాను. పచ్చడి బండలా ఉంది.

దాన్ని రెండు చేతులతో ఎత్తుకెళ్ళి కారులో పెట్టి వచ్చాను.