బుగ్గన చింతగింజ

నా చిన్నప్పుడు నీళ్ళు కొలుచుకుని తాగే మనుషులు నాకు ఇద్దరే తెలుసు. ఒకరు మా తాతయ్య, ఇంకొకరు పక్కింటి అక్క. బెల్లంపల్లిలో బొగ్గుబావి కార్మికుల క్వార్టర్లలో మా రెండిళ్ళకూ మధ్య గోడ ఒకటే. ఇద్దరికీ కిడ్నీలు చెడ్డాయని ఒకే ఏడాది బయటపడింది. తాతయ్యకు డెబ్బై, అక్కకు పందొమ్మిది. డాక్టరు ఇద్దరికీ ఒకే మాట చెప్పాడు: ఉప్పు మానాలి, రోజుకు చెంబెడు నీళ్ళు దాటకూడదు. తాతయ్యకు ఆ వయసులో అంతకుమించి చేసేదేమీ లేదన్నాడు. అక్కను మాత్రం హైదరాబాదు తీసుకెళ్ళమన్నాడు, అక్కడ రక్తం కడిగే మిషను ఉందట.

వాడకట్టంతా తాతయ్యను చూసి జాలిపడేది. అక్కను చూసి ఎవరూ భయపడలేదు. వయసులో ఉన్న పిల్ల, తట్టుకుంటుందిలే అని అందరిదీ ఒకటే ధీమా. తొమ్మిదేళ్ళ దాన్ని, నాదీ అదే ధీమా.

తాతయ్య ముప్పై ఏళ్ళు బావిలో దిగి పనిచేసినవాడు. లోపలి వేడికి నాలుక పిడచకట్టుకుపోయేదట. తీసుకెళ్ళిన నీళ్ళు షిఫ్టంతా రావాలి కదా, అందుకని బుగ్గన చింతగింజ పెట్టుకునేవాడు. నోట్లో కాస్త తడి ఊరి దాహం మరుపుకొస్తుంది. జబ్బు చేశాక మళ్ళీ అదే అలవాటు పట్టాడు. గుప్పెడు గింజలు కడిగి అక్కకూ ఇచ్చాడు. అక్క ఒకటి బుగ్గన వేసుకుని, నాకు ముసలితనం ముందే వచ్చిందే అని నాతో చెప్పి నవ్వింది. ఆ నవ్వుకు ఉబ్బిన ముఖంలో కళ్ళు మూసుకుపోయాయి.

సోమవారం ప్రయాణమనగా, ఆదివారం మధ్యాహ్నం అక్కవాళ్ళమ్మ చర్చికి వెళ్ళింది, బిడ్డ కోసం ప్రార్థన చేయించడానికి. నన్ను కాపలా కూర్చోబెట్టి, ఇవాళ్టి చెంబు అయిపోయింది, ఎంత అడిగినా ఇవ్వద్దని రెండుసార్లు చెప్పింది. ఆమె అటు వెళ్ళగానే అక్క నీళ్ళడిగింది. గింజ ఇస్తే ఉమ్మేసింది. నా చేయి పట్టుకుని ఏడ్చింది. నాకేం తెలుసు? ఆ కొలతంతా ముసలాళ్ళకని, వయసులో ఉన్న అక్కకేమవుతుందని అనుకున్నాను. కుండలోంచి ఒక చెంబు ముంచి ఇచ్చాను. తర్వాత ఇంకోటి. తర్వాత ఇంకోటి. కుండ అడుగంటింది. నీ కడుపు సల్లగుండ అంది అక్క. నేనేదో పుణ్యం చేసినట్టు మురిసిపోయాను.

పొద్దు వాలేసరికి అక్కకు ఊపిరి అందలేదు. జీపు దవాఖానా చేరకముందే ప్రాణం పోయింది.

మర్నాడు అక్కవాళ్ళమ్మ ఖాళీ కుండ తెచ్చి మా వాకిట్లో పెట్టింది. నీళ్ళు ఎవరిచ్చారని అడిగింది. నేను తాతయ్య వెనక్కి జరిగాను. తాతయ్య నా ముఖం ఒక్కసారి చూసి లేచి నిలబడ్డాడు.

"నేనే ఇచ్చిన. దూప అని ఏడ్సింది, చూడలేకపోయిన."

ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది.

"డెబ్బై ఏండ్లు బతికినవ్ కాకా. ఇంకా ఉన్నవ్. నా బిడ్డ పాయె."

తాతయ్య ఆ తర్వాత మూడేళ్ళు బతికాడు. అక్కకు రాని మూడేళ్ళు. ఆ మూడేళ్ళూ ఆమె మా గడప వైపు చూడలేదు. ఒకరోజు నేను ఏడుస్తూ నిజం చెప్పేస్తానంటే, తాతయ్య నన్ను దగ్గరికి లాక్కున్నాడు.

"గీ బరువు ఇప్పుడు నువ్వు మొయ్యలేవు బిడ్డా. నేను మోస్త. పెద్దగైనంక నీది నువ్వు తీస్కో."

తీసుకోలేదు. తాతయ్య పోయిన చాలా ఏళ్ళకు మంచిర్యాల అంగట్లో ఆమె కనిపించింది. నా తల నిమిరి, ఆఖరికి నా బిడ్డ పక్కన కూర్చున్నది నువ్వే కదే అంది. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. కూరగాయల సంచీ అందుకుని ఆమెను బస్సు ఎక్కించి వచ్చాను. ఛీ, నాదీ ఒక బతుకేనా అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇప్పుడు నా కిడ్నీలూ పోయాయి. వారానికి మూడుసార్లు మిషను దగ్గర పడుకుంటాను. ఆ మిషను ఇప్పుడు మా ఊళ్ళోకే వచ్చింది. పక్క మంచం మీద కాలేజీ పిల్ల ఉంటుంది. ఆమెకు తల్లి కిడ్నీ ఇస్తుందట, పరీక్షలు జరుగుతున్నాయి. నా వయసుకు ఆ మాటే ఎవరూ ఎత్తరు, ఎత్తనక్కర్లేదు కూడా. కానీ ఆ పిల్ల నీళ్ళ సీసా వైపు చూసినప్పుడల్లా, తల్లి ఎక్కడుందా అని వెతుక్కుంటాను.

మొన్న తల్లి మందులకని బయటికి వెళ్ళగానే, అమ్మమ్మా, ఒక్క గుక్క, ఎవరికీ చెప్పను అని చేయి చాపింది. సీసా నాకు అందేంత దూరంలోనే ఉంది. దాన్ని అవతలికి నెట్టేశాను. కొంగుముడిలోంచి చింతగింజ తీసి ఆమె చేతిలో పెట్టాను. అలిగి అటు తిరిగింది. అప్పుడు పక్కింటి అక్క గురించి చెప్పాను, ఖాళీ కుండ దాకా. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

ఆ పిల్ల ఇటు తిరిగి, నీళ్ళెవరిచ్చిండ్రు అమ్మమ్మా అని అడిగింది.

"నేనే ఇచ్చిన" అన్నాను.

 ఆ పిల్ల గింజ బుగ్గన పెట్టుకుంది.