కడిగిన ఆవకాయ

మా కృష్ణా జిల్లాలో బీపీ అంటే జబ్బు కాదు, హోదా. పెళ్ళి పందిట్లో "నాకు బీపీ అండీ" అని గొప్పగా చెప్పుకుని, ఆ నోటితోనే ఇంకో గారె అడిగేవాళ్ళను బోలెడుమందిని చూశాను. పిచ్చి అలా కాదు. అది ఎప్పుడూ పక్కింటివాళ్ళకే వస్తుంది.

నాకొచ్చిందాన్ని మొదట్లో ఎవరూ జబ్బనుకోలేదు, అందరూ మెచ్చుకునేలా వచ్చింది మరి. తొంభైల్లో పటమటలో మేం అద్దెకున్న ఇంటికి నేనే సున్నం వేశాను. నిద్రన్నది లేకుండా వీధిలో ఆడవాళ్ళందరికీ జాకెట్లు కుట్టాను. వాళ్ళందర్నీ భోజనానికి పిలిచి, ఆ మాట ఇంట్లో చెప్పడం మరిచిపోయాను. పామర్రు నుంచి వచ్చి మాతోనే ఉంటున్న మా అత్తగారు "మా కోడలు మహా హుషారు" అని మురిసిపోయింది.

ఆ తర్వాత నెలల తరబడి తలైనా దువ్వుకోకుండా గోడవైపు తిరిగి పడుకున్నాను. ఆవిడ దిష్టి అంది, ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. దిష్టి ఉంటే ఘాటు రాదంటారు. ఆ రోజు వీధంతా దగ్గింది. అయినా ఆవిడ నమ్మకం సడలలేదు.

మళ్ళీ హుషారు వచ్చింది. బందరు కాలవలో పడవ హోటల్ పెడతానని, కంకిపాడు బస్సులో కండక్టరుతో సహా అందరికీ ఉద్యోగాలు ఇచ్చేశాను. అప్పుడుగానీ మావారికి అనుమానం రాలేదు. డాక్టరు బైపోలార్ అన్నాడు. లిథియం మాత్రలు రాసి, ఎలా వేసుకోవాలో, ఏం తినాలో అన్నీ చెప్పాడు. మావారు తల ఊపారు. ఆయన మనసంతా చుట్టాలకు ఏం చెప్పాలా అన్నదాని మీదే ఉంది.

ఇంటికి రాగానే అత్తగారు అడిగింది. "ఏమన్నాడ్రా డాక్టరు?"

"బై... బైపో..."

"బీపీనా?"

మావారి మొహం వెలిగిపోయింది. "ఆఁ, బీపీనే అమ్మా!"

అంతే. నా పళ్ళెంలోంచి ఉప్పు లేచిపోయింది. పప్పుచారు చప్పన, కూర చప్పన, అప్పడం నిషేధం. ఆవకాయ కోసం నేను గోల పెడితే, పాపం, అత్తగారు ముక్కను కుళాయి కింద కడిగి పెట్టేది. కడిగిన ఆవకాయ తిన్నవాళ్ళకు నరకంలో కొత్తగా చూడాల్సిందేమీ ఉండదు.

ఎండాకాలం వచ్చింది. కాఫీ గ్లాసు పట్టుకుంటే చేతులు వణికి ఒలికిపోయేది. వాంతులు. వరండాలో నడుస్తుంటే తాగినదానిలా తూలాను. "బీపీ పెరిగింది" అని ఆవిడ మజ్జిగలో వేసే చిటికెడు ఉప్పు కూడా తీసేసింది. ఆ సాయంత్రం మాట తడబడి పడిపోతే ఆస్పత్రిలో చేర్చారు.

రక్తపరీక్ష చూసి డాక్టరు అడిగాడు. "ఉప్పు మానేశారా? మానేస్తే ఈ మందు ఒంట్లోనే పేరుకుపోయి విషమవుతుందని చెప్పానా లేదా?" మావారు ఫ్యాను వంక చూశారు. నాకు భయమేసింది. చచ్చిపోతానేమోనని మొదటిసారి నిజంగా భయమేసింది.

నేను కాస్త తేరుకున్నాక అత్తగారు క్యారేజీలో జావ తెచ్చింది. ఉప్పు లేకుండా.

"అత్తయ్యా, నాది బీపీ కాదు" అన్నాను. మొత్తం చెప్పాను. హుషారూ జబ్బే, దిగులూ జబ్బే, మందుకు ఉప్పు కావాలి.

ఆవిడ తన చేతులు చూసుకుంది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"నా చేత్తో చంపించేవాడివి కదరా! పరువు కోసం!"

వార్డు వార్డంతా విన్నది. మావారు తేలుకుట్టిన దొంగలా నిలబడ్డారు.

ఇప్పుడు మా ఇంట్లో నా జబ్బును అందరికంటే ముందు పసిగట్టేది ఆవిడే. నేను అటకెక్కి ఇత్తడి సామానంతా దించితే చాలు, "అమ్మాయ్, దిగు. రాత్రి నిద్రపోయావా? పద, డాక్టరు దగ్గరికెళ్దాం" అంటుంది. ఒళ్ళు మండిపోతుంది. అయినా దిగుతాను.

ఆస్పత్రి నుంచి వచ్చిన కొత్తలో, మేం భోంచేస్తుండగా పక్కింటావిడ పలకరించడానికి వచ్చింది. "పిన్నిగారూ, కోడలికి బీపీ అన్నారుగా, ఆవకాయ పెడుతున్నారేంటండీ?"

మావారు దగ్గారు. నేను తల వంచుకున్నాను.

"బీపీ కాదమ్మా, మనసు జబ్బు. మందేసుకుంటోంది. ఉప్పు లేకపోతే మా పిల్ల మాకు దక్కదు" అని, మా అత్తగారు నా పళ్ళెంలో ఇంకో ముక్క వేసింది. కడగలేదు.