వాన డబ్బా బీగం

వచ్చే నెల రిటైరవబోతున్న మా కడగొట్టు తమ్ముడు నిన్న ఇంటికొచ్చి, మనసును ముందుగా ఎట్లా సిద్ధం చేసుకోవాలన్నా అని నన్నే అడిగాడు. వాడు గుంతకల్లు స్టేషనులో రైళ్ల రాకపోకలను మైకులో చెప్పే ఉద్యోగి. అడగడానికి వాడికి ఇంకెవరూ దొరకలేదు కాబోలు! ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే నేను రిటైరైన రోజులు గుర్తుకొచ్చాయి.

పట్నానికి దూరంగా ఉన్న ఒక మండలాఫీసులో గుమాస్తాగా చేరిన నాటి నుంచీ ఆవరణలోని వాన డబ్బా నా చేతి కిందే ఉండేది. కంచె కట్టి, గేటుకు బీగం వేసిన ఆ డబ్బాలో పడిన నీళ్లను రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు కొలపాత్రలో పోసి రిజిస్టరులో ఎక్కించాలి. మా సీమలో ఎక్కువ రోజులు రాసేది సున్నాయే అయినా, ఆ సున్నా కోసమైనా వెళ్లి తీరాలి, దానికి ఆదివారం లేదు, పండగ లేదు, మా నాయన పదోదినం నాడు కూడా వెళ్లి సున్నా రాసి వచ్చాకే పిండం పెట్టినవాణ్ణి. మా ఇంటామె దానికి సవతి అని పేరు పెట్టింది. వాన పడిన పొద్దున మాత్రం నా వైభోగం చూడాలి! నేను పాత్ర పైకెత్తి చూస్తుంటే కంచె చుట్టూ రైతులు ఊపిరి బిగబట్టి నిలబడి, అంకె చెప్పగానే శెనక్కాయ విత్తనానికి పరుగెత్తేవాళ్లు.

అందుకే రిటైరవడానికి ఏడాది ముందునుంచే నన్ను నేను తయారుచేసుకున్నాను. లేపాక్షిలో నాలుగు రోజులుండి రావాలనీ, మల్లెచెట్లు పెంచాలనీ అనుకున్నాను. సాయంత్రాలు ఆఫీసు ముందునుంచి తల తిప్పకుండా నడిచి పోవడం కూడా సాధన చేశాను, ఎంత పిచ్చివాణ్ణి! రెండువేల సంవత్సరం దాటిన ఆ కొత్తల్లో, వరస కరువుల మధ్య, ఒక జూన్ ఆఖరున దండలేసి శాలువా కప్పారు, బీగంచెవిని కొత్త గుమాస్తా చేతిలో నవ్వుతూనే పెట్టాను.

మర్నాడు తెల్లవారుజామున కురిసింది వాన, ఏళ్ల తరబడి చూడనంత వాన. ఎనిమిదిన్నరకల్లా నా కాళ్లు నన్ను కంచె దగ్గర నిలబెట్టాయి. కొత్త గుమాస్తా ఎక్కిన బస్సు, వంక పొంగడంతో అవతలే ఆగిపోయిందట. రైతులు నన్ను చూడగానే, “ఎంత పడింది సారూ, విత్తనం ఎయ్యొచ్చునా?” అని చుట్టుముట్టారు. నడుమెత్తు కంచె, దూకితే చాలు, కాలు పైకెత్తాను కూడా. అన్నేళ్లూ నా మాట జవదాటని అటెండరు సాయిబు చెయ్యి అడ్డం పెట్టి, “వద్దు సార్. బీగంచెవి లేనోళ్లు లోపలికి పోగూడదని మీరే గదా చెప్పినారు,” అన్నాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి, నేను ఎత్తిన కాలు దించేశాను.

పదకొండుకు కొత్తాయన వచ్చి బీగం తీశాడు. రైతులంతా అటు తిరిగి, “ఎంతన్నా?” అని అతన్ని అడిగారు. వెనక నిలబడిన నాకు ఆ అంకె వినబడలేదు, పక్కవాణ్ణి అడగడానికి మనసొప్పక ఇంటికి వచ్చేశాను.

ఇప్పుడక్కడ యంత్రం పెట్టారు, వాన లెక్క దానంతటదే ఎక్కడికో వెళ్లిపోతుంది, రైతులు ఫోనులో చూసుకుంటారు, కంచె దగ్గర నిలబడేవాళ్లే లేరు. నేనింకా వాన పడిన ప్రతి పొద్దునా ఎనిమిదిన్నరకు ఊరికే లేచి నిలబడతాను. మా సీమ కాబట్టి ఆ బాధ ఏడాదికి నాలుగైదు సార్లే. తమ్ముడి ఇల్లేమో స్టేషను పక్కనే, రైళ్లు రోజంతా వస్తూనే ఉంటాయి, వాడికి నేనేం చెప్పేది?