నాలుగు జానల బొంత

ముత్యం పగలంతా మిల్లీమీటర్లలో బతికేవాడు. గల్ఫ్‌లో అల్ ఖోర్ దగ్గర కడుతున్న స్టేడియంలో అతను షట్టరింగ్ కార్పెంటర్. కాంక్రీటు పోసే చెక్కపెట్టె మూడు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితే ఫోర్‌మన్ కంటే ముందు అతనికే తెలిసేది. అయినా మంచం కొలత ఇంటికి చెప్పాల్సి వచ్చినప్పుడు చేత్తో జానలు వేసి చెప్పాడు. టేపు సైట్‌లో టూల్‌బాక్సులో ఉండిపోయింది. పైగా మిల్లీమీటర్లు చెబితే భార్య సునందకు ఏం అర్థమవుతుందిలే అనుకున్నాడు.

"నాలుగు జానల వెడల్పు, ఎనిమిది జానల పొడుగు," అని ఫోన్లో చెప్పాడు.

ప్రపంచకప్పుకు ఇంకా నాలుగేళ్లుంది. క్యాంపులో ఒకదాని మీద ఒకటి ఉండే మంచాలు తీసేసి అందరికీ విడి మంచాలు వేశారు. ముత్యానికి ఏసీ కింద మంచం వచ్చింది. రిమోట్ మాత్రం అదే గదిలో ఉండే గజేందర్ దిండు కింద ఉండేది. పదహారు డిగ్రీలు దాటితే గజేందర్‌కు ఉక్కపోత. కంపెనీ ఇచ్చిన కంబళి కప్పుకుంటే ముత్యానికి దురద. అందుకే ఇంటినుంచి బొంత కావాలన్నాడు.

నిర్మల్ పక్కన వాళ్ల ఊళ్లో బొంత అంటే చిన్నవ్వే కుట్టాలి. చిన్నవ్వ ముత్యం తల్లి. కోడలి చేతికి ఆమె ఒక్కసారే సూది ఇచ్చింది. సునంద వేసిన కుట్టు చూసి, "నువ్వు బీడీలు చుట్టుకో బిడ్డా," అని సూది వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత పదకొండేళ్లు బతికింది గాని మళ్లీ ఇవ్వలేదు. ఆమె పోయాక, సునంద తనంతట తాను కుట్టిన మొదటి బొంత ఇది. పాత చీరలు జానెడు చదరాలుగా కత్తిరించి, వరసకు నాలుగు చొప్పున ఎనిమిది వరసలు కలిపి, అడుగున పాత పంచెలు పరిచి, చేత్తో కుట్టింది.

సెలవు మీద వెళ్లిన గజేందర్ దాన్ని మోసుకొచ్చాడు.

"గీ బరువుల ఐదు కిలోల మామిడికాయ తొక్కు వచ్చేది అన్నా," అంటూ మంచం మీద పడేశాడు. "కప్పుకో, చూద్దాం."

ముత్యం కప్పుకున్నాడు. మెడ దాకా లాగితే పాదాలు బయటపడ్డాయి. పక్కకు తిరిగితే వీపు బయటపడింది.

గజేందర్ కాసేపు చూసి, "వదిన నీకు పంపిందా, తొట్టెల పిల్లగానికి పంపిందా?" అన్నాడు.

ముత్యం బొంత మీద చెయ్యి చాపి జాన వేశాడు. ఒక్కో చదరం అతని జానకు రెండు అంగుళాలు తక్కువ. అతను తన జానతో చెప్పాడు. ఆమె తన జానతో కుట్టింది.

ఆ సాయంత్రమే సునంద ఫోన్ చేసింది. "సరిపోయిందా?"

"మస్తు సరిపోయింది."

"నిజంగ? అత్త ఉంటె సూపెట్టేదాన్ని."

ఆ మాట విన్నాక ముత్యం నిజం చెప్పలేకపోయాడు. పొట్టిగా ఉందంటే, చచ్చిపోయిన చిన్నవ్వ గెలిచినట్టు లెక్క. సునంద మళ్లీ సూది పట్టదు. ఆనాటినుంచి వీడియో కాల్ వస్తే ఫోన్ ఎత్తిపట్టి మొహం ఒక్కటే చూపించేవాడు. బొంత చూపించమంటే ఉతకడానికి వేశాననేవాడు. కాళ్లు ముడుచుకుని పడుకునేవాడు.

శుక్రవారం బొంత తీసుకుని అల్ ఖోర్ బజారులో ఒవైస్ దగ్గరికి వెళ్లాడు. ఒవైస్‌ది కరీంనగర్. ఆ బజారులోనే దర్జీ దుకాణంలో పనిచేసేవాడు.

"సుట్టూత పట్టీ ఏసి ఇయ్యి భాయ్," అన్నాడు ముత్యం.

ఒవైస్ బొంత పరిచి చూశాడు. "సుట్టూత ఏస్తె మంచిగుండది. నడుమల ఇది కవరు మీద స్టాంపు లెక్క కనవడ్తది. ముక్కలన్ని విప్పు. ఒక్కో ముక్కకు కుడిపక్క ఒక పట్టీ, కింద ఒక పట్టీ. ముక్కముక్క పెద్దగైతది. మల్ల కలుపుడే. మిషిన్ మీద ఒక్క పూట పని."

"మిషిన్ వద్దు. ఆమెది చేతికుట్టు."

"అరె, మరి నా దగ్గరికెందుకొచ్చినవ్ భాయ్?"

విప్పడానికి ముత్యానికి చెయ్యి రాలేదు. బొంతను అలాగే మడిచి తెచ్చుకున్నాడు. ఇంకో వారం ముడుచుకుని పడుకున్నాక మోకాళ్లు పట్టేశాయి. సైట్‌లో నిచ్చెన ఎక్కలేకపోయాడు. ఆ సాయంత్రం బ్లేడు తీసుకుని సునంద కుట్లు ఒక్కొక్కటే కోశాడు. దారాలు పారేయబుద్ధి కాక ఒక సబ్బుడబ్బాలో వేశాడు.

పట్టీల కోసం తన పాత నీలం డ్యూటీ డ్రెస్సు కత్తిరించాడు. అది చాలలేదు. గజేందర్ గొణుక్కుంటూ తన గళ్ల లుంగీ ఇచ్చాడు. రెండు అంగుళాలు తక్కువ కాబట్టి పట్టీలు సరిగ్గా రెండు అంగుళాలకే కోశాడు. వరస మొత్తం కుట్టాక చూస్తే ముక్కలు మళ్లీ తక్కువే వచ్చాయి.

ఒవైస్‌కు ఫోన్ చేశాడు.

"భాయ్, కట్టెకు కట్టె ఆనిస్తె కొలత గట్లనే ఉంటది. గుడ్డను కుట్టు తింటది," అన్నాడు ఒవైస్. "అర అంగుళం ఎక్కువ కొయ్యాలె. యల్లా, కానియ్యి, మల్ల మొదలువెట్టు."

మళ్లీ మొదలుపెట్టాడు. డ్యూటీ నుంచి వచ్చాక రోజుకు రెండు మూడు ముక్కలు అయ్యేవి.

సగం పని అయిన రోజు అతను స్నానానికి వెళ్లినప్పుడు ఫోన్ మోగింది. గజేందర్ ఎత్తాడు. ముత్యం తువ్వాలు చుట్టుకుని గదిలోకి వచ్చేసరికి గజేందర్ ఫోన్ మంచం వైపు తిప్పి పట్టుకుని ఉన్నాడు. "ఇగో వదినా, నీ బొంత. నా లుంగీ గూడ అండ్లనే ఉన్నది."

మంచం నిండా ముక్కలు. ముత్యం ఫోన్ లాక్కున్నాడు.

"పొట్టిగైందా?" అంది సునంద.

"అయింది. తప్పు నాదే. నా జానతోని చెప్పిన."

"కార్పెంటర్‌వు గదా నువ్వు."

గజేందర్ ఒక్కడే నవ్వాడు.

"ఆరిండ్లల్ల చెప్పుకున్న, సరిపోయిందట అని," అంది సునంద. "ముందుగాల నాకెందుకు చెప్పకపోతివి?"

"ఇగ కుట్టుడు బంద్ పెడ్తవేమోనని."

"ఫోన్ దగ్గరికి పట్టు," అంది. పట్టాడు. చాలాసేపు చూసింది. ముత్యం చెయ్యి నొప్పి పుట్టినా కదపలేదు.

"ఆ మూలకున్న నీలం పట్టీ వంకర వోయింది."

"ఏది?"

"నీ బొటనవేలు కాడ. కుట్లు గూడ దూరం దూరం పడ్డయి. విప్పు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. నేను చూస్త."

ముత్యం ఫోన్‌ను నీళ్ల సీసాకు ఆనించి, బ్లేడు తీసుకుని, పట్టీ విప్పడం మొదలుపెట్టాడు.

"గట్ల గుంజకు," అంది సునంద. "గుడ్డ చినుగుతది."